టీచరుగా చేరిన మొదటి ఏడాదే మానేయాలనిపిస్తే?

ప్రశ్న: మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ టీచర్ కావాలనే కోరిక. గణితంలో డిగ్రీ, తర్వాత టీచర్ ట్రైనింగ్ మంచి మార్కులతో పూర్తిచేసి ఈ విద్యాసంవత్సరం మొదట్లో ఒక హైస్కూల్లో చేరింది. ఇప్పటికి నాలుగు నెలలైంది. మొదట్లో ఎంత ఉత్సాహంగా వెళ్లేదో ఇప్పుడు అంత నీరసంగా వెళ్తోంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. రాత్రి పదకొండు దాకా పేపర్లు దిద్దుతుంది. ఆదివారం సాయంత్రం నుంచే ముఖం వాడిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు మాట వినడం లేదని మొన్న ఏడ్చేసింది. ‘ఈ ఉద్యోగం నాకు చేతకాదమ్మా, మానేస్తాను’ అంటోంది. వాళ్ల నాన్నగారేమో వెంటనే మానేసి వేరే ఉద్యోగానికి ప్రిపేర్ అవమంటున్నారు. నాకేమో ఏం చెప్పాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, మీ అమ్మాయి పడుతున్న బాధలో మూడు రకాలు కలగలిసిపోయి ఉన్నాయి. కొంత కొత్త కావడం వల్ల, కొంత ఆ స్కూలు పద్ధతుల వల్ల, ఇంకొంత అసలు టీచర్ పని తీరే అలాంటిది కావడం వల్ల. మొదటిది ఏడాదిలో చాలావరకు తగ్గుతుంది. రెండోదానికి స్కూలు మారితే చాలు. ఈ వృత్తే వద్దనుకోవడానికి కారణం కాదగ్గది మూడోది ఒక్కటే. నాలుగో నెలలో ఈ మూడింటినీ విడదీసి చూసుకోవడం ఎంత తెలివైనవాళ్లకైనా కష్టం. అందుకే ఇప్పుడే నిర్ణయం తీసుకోవద్దంటాను. దీనికి ఒక మినహాయింపు ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందుగా, ‘చేతకాదు’ అన్న మాట సంగతి చూద్దాం. చాలా వృత్తుల్లో కొత్తగా చేరినవాళ్లు కొన్నాళ్లు సీనియర్ పక్కన ఉండి పని నేర్చుకుంటారు. జూనియర్ లాయర్ మొదటి రోజే పెద్ద కేసు వాదించడు. టీచర్ విషయంలో అలా జరగదు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నవారికి ఎంత పని ఉంటుందో, నిన్న చేరినవాళ్లకీ అంతే పని. పక్క గదిలో సీనియర్, ఈ గదిలో మీ అమ్మాయి, మధ్యలో మూసిన తలుపు. పైగా చాలాచోట్ల గడుసు సెక్షన్లు, ఎవరూ కోరుకోని ఆఖరి పీరియడ్లు కొత్తవాళ్లకే వస్తాయి. ఇది న్యాయం కాదు, కానీ ఇలాగే జరుగుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పని మనందరికీ తెలుసనే అనుకుంటాం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో వేసిన అంచనా ప్రకారం, హైస్కూలు పూర్తయ్యేసరికి ఒక విద్యార్థి టీచర్ల ఎదుట దాదాపు 13,000 గంటలు గడుపుతాడు. అయితే అదంతా బెంచీ మీద కూర్చుని చూసినది. టీచర్ రాత్రి కూర్చుని పాఠం ఎలా సిద్ధం చేసుకున్నారో, ఏ లెక్క ముందు చెప్పాలో ఎందుకు అలా ఎంచుకున్నారో, వెనక బెంచీ అబ్బాయి గొడవని చూసీ చూడనట్టు ఎందుకు వదిలేశారో బెంచీ మీద కూర్చున్నవారికి కనిపించవు. మంచి మార్కులతో చదువుకున్న పిల్లలకు ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. లెక్క తమకు వెంటనే అర్థమైంది కాబట్టి, అర్థం కానివాళ్లకు ఎక్కడ అడ్డుపడుతోందో పట్టుకోవడం కొత్తలో చాలా కష్టం. లెక్క రావడం ఒక విద్య, అది రానివాళ్లకు వచ్చేలా చెప్పడం ఇంకో విద్య. రెండోది క్లాసులో నిలబడితేనే వస్తుంది.

మీ అమ్మాయి ఒంటరి కాదని చెప్పడానికి ఒక ఆధారం ఇస్తాను, తనకు చదివి వినిపించండి. 1984లో సైమన్ వీన్మన్ అనే పరిశోధకుడు వివిధ దేశాల్లో కొత్త టీచర్ల మీద జరిగిన 83 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన సమస్య క్లాసును అదుపులో పెట్టడం. ఆ తర్వాత పిల్లల్లో ఆసక్తి పుట్టించడం, ఒక్కో పిల్లవాడి స్థాయి ఒక్కోలా ఉండటం, పేపర్లు దిద్దడం, తల్లిదండ్రులతో వ్యవహారం. మీ ఉత్తరంలో ఉన్నదంతా దాదాపు ఇదే కదా.

తొమ్మిదో తరగతి దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ అమ్మాయిని ఏడిపించింది అదే. ఏం జరుగుతూ ఉంటుందో నేను ఊహించగలను. బెల్ కొట్టాక తను లోపలికి వెళ్తుంది. హాజరు వేస్తుండగా మాటలు మొదలవుతాయి. బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తుంటే వీపు వెనక గుసగుసలు, ఎవరో నవ్వు. తిరిగి చూస్తే అందరూ బుద్ధిమంతులే. ‘ఎవరది?’ అని అరుస్తుంది. ఒక నిమిషం నిశ్శబ్దం. మళ్లీ బోర్డు వైపు తిరగగానే ఒకడు మంచినీళ్లకు వెళ్తానని చెయ్యెత్తుతాడు, వాడి వెనకే ఇంకో ఇద్దరు. నలభై నిమిషాల పీరియడ్‌లో పాఠం సాగింది ఇరవై నిమిషాలు, మిగతాదంతా గొంతు చించుకోవడమే.

అమెరికాలో జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్లాసు గదులను వీడియో తీసి పరిశీలించి 1970లో ఒక పుస్తకం రాశారు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్నదాన్ని బట్టి క్లాసుల మధ్య పెద్ద తేడా ఆయనకు కనబడలేదు. తేడా అంతా అల్లరి మొదలవకముందే ఉంది. క్లాసు చక్కగా నడిపే టీచర్లకు గది మొత్తం మీద ఎప్పుడూ ఓ కన్ను ఉంటుంది, అలా ఉందని పిల్లలకూ తెలుసు. పాఠం మధ్యలో తెగిపోకుండా సాగుతుంది, ఖాళీ క్షణాలు తక్కువ. అంటే మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఇంకా గట్టిగా అరవడం కాదు. ఖాళీ ఎక్కడ దొరుకుతోందో చూసి దాన్ని మూసేయడం. పిల్లలు లోపలికి వచ్చేసరికి బోర్డు మీద ఒక చిన్న లెక్క రాసి ఉంచి, తను తలుపు దగ్గర నిలబడితే చాలు. వాళ్లు ఆ లెక్క చేస్తుండగా నిశ్శబ్దంగా హాజరు వేసేయవచ్చు. బోర్డు మీద పూర్తిగా వెనక్కి తిరిగి రాయకుండా పక్కకు నిలబడి రాయాలి, పొడవైన లెక్క అయితే సగం ముందే రాసి పెట్టుకోవాలి. పేర్లు మాత్రం తప్పనిసరిగా రావాలి. ‘ఏయ్, వెనక బెంచీ’ అంటే ఎవరికీ తగలదు. పేరు పెట్టి, మామూలు గొంతుతో, ‘మూడో లెక్క చేశావా?’ అని అడిగితే వాడు పుస్తకంలో పడతాడు.

ప్రశ్న అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో గమనించినదేమిటంటే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబులు పెద్దవయ్యాయి, ఎక్కువమంది పిల్లలు నోరు విప్పారు. కొత్త టీచరుకు మౌనమంటే భయం, క్లాసు చెయ్యి జారిపోతుందేమోనని. అందుకే ప్రశ్న తనే వేసి, జవాబూ తనే చెప్పేస్తుంది. దాంతో గొంతు అరిగిపోతుంది, పిల్లలకేమో పని ఉండదు.

ఇక రాత్రి పదకొండు దాకా దిద్దడం. ఇది ఓపికతో తీరేది కాదు, లెక్క చూడండి. ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకుంటే రెండు వందల పుస్తకాలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు పెట్టినా పది గంటలు. లీజర్ పీరియడ్లు ఉన్నా, రాని టీచర్ల క్లాసులకు సబ్‌స్టిట్యూషన్ వెళ్లడంతో అవీ పోతాయి. అన్ని పుస్తకాలూ అక్షరం అక్షరం దిద్దాలనుకుంటే ఎవరివల్లా కాదు. ఇంటిపని సరిచూసుకోవడం క్లాసులోనే, జవాబులు బోర్డు మీద పెట్టి పిల్లల చేతే చేయించవచ్చు. తను ఇంటికి తెచ్చుకునేది వారానికి ఒక సెక్షను, అందులోనూ ఎంచిన రెండు లెక్కలు చాలు. ఆ రెంటి కింద ఒక్క వాక్యం, ‘రెండో మెట్టులో గుర్తు మార్చడం మరిచావు’ అన్నంత నిక్కచ్చిగా రాస్తే పిల్లవాడికి ఉపయోగం. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా వేస్తే ఆ లాభం కనబడలేదు. స్కూలు రూల్ ప్రకారం ప్రతి పుస్తకం దిద్దాల్సిందే అంటే, హెడ్మాస్టర్ గారితో ఈ పది గంటల లెక్క కాగితం మీద పెట్టి మాట్లాడమనండి. ఫిర్యాదులా కాకుండా, ‘సార్, ఇందులో దేనికి ముందు ప్రాధాన్యం ఇవ్వమంటారు?’ అని అడగాలి.

తల్లిదండ్రుల ఫోన్లకు ఒక వేళ పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి తొమ్మిదికి వచ్చిన మెసేజ్‌కి పొద్దున జవాబిస్తే ఎవరి చదువూ పాడైపోదు.

వీటన్నిటికంటే ఎక్కువ పని చేసేది తోడు. కొత్త టీచర్లకు సీనియర్ల సాయం ఎంత ఉపయోగపడుతుందో 15 అధ్యయనాలను సమీక్షించి రిచర్డ్ ఇంగర్‌సోల్, మైకేల్ స్ట్రాంగ్ 2011లో ఒక వ్యాసం రాశారు. మొత్తమ్మీద వచ్చిన ఫలితం సాయం అందినవారికి అనుకూలంగానే ఉంది. వృత్తిలో నిలబడటంలోనూ, పాఠం చెప్పే తీరులోనూ. స్కూలు అలాంటి ఏర్పాటు చేయకపోతే మీ అమ్మాయే చొరవ తీసుకోవాలి. అదే తొమ్మిదో తరగతికి వేరే సబ్జెక్టు చెప్పే సీనియర్ ఎవరో ఉంటారు, ఆ క్లాసు వారి దగ్గర గోల చేయదు. ‘మేడమ్, ఒక పీరియడ్ మీ క్లాసులో వెనక కూర్చోవచ్చా?’ అని అడగమనండి. పాఠం సంగతి వదిలేసి, ఆ మొదటి ఐదు నిమిషాలు ఆవిడ ఏం చేస్తున్నారో, ఎక్కడ నిలబడుతున్నారో చూసి రాసుకుంటే చాలు. ఇలా అడగడం నామోషీ అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. స్టాఫ్‌రూమ్‌లో సీనియర్లకు అది గౌరవంగానే అనిపిస్తుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది కూడా ఉంది. తను గుమ్మంలో అడుగు పెట్టగానే ‘ఇవాళ ఎలా జరిగింది?’ అని అడగకండి. రోజంతా వందలమందికి జవాబు చెప్పి వచ్చిన మనిషికి అరగంట ఎవరూ ఏమీ అడగకపోవడమే పెద్ద విశ్రాంతి. ‘పిల్లలే కదా, ఇంత టెన్షన్ ఎందుకు?’ అనే మాట అసలు వద్దు. గొంతు బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. గొంతు సమస్యలు టీచర్లకు మిగతావారికంటే ఎక్కువ, అశ్రద్ధ చేస్తే ముదురుతాయి.

నాన్నగారికి కూడా ఒక మాట చెప్పండి. అమెరికాలో కొత్త టీచర్లతో పనిచేసిన ఎలెన్ మోయిర్ 1990లో వారి మొదటి ఏడాదిని దశలుగా వివరించారు. మొదట ఉత్సాహం, తర్వాత ఏదోలా నెట్టుకురావడం, ఆరేడు వారాలు గడిచాక నిరాశ, ఒక పెద్ద సెలవు తర్వాత మెల్లగా కోలుకోవడం. అందరికీ తేదీలతో సహా ఇలాగే జరుగుతుందని కాదు. కానీ మీ అమ్మాయి ఇప్పుడు ఉన్నది సరిగ్గా ఆ లోయలో. అక్కడి నుంచి చూసి జీవితకాల నిర్ణయం చేయమనడం తనకు అన్యాయం చేయడమే.

మినహాయింపు అన్నాను కదా. పిల్లల ఎదుట పైవాళ్లు తనని అవమానిస్తున్నా, భద్రత లేకపోయినా, సెలవుల్లో కూడా నిద్ర పట్టకపోతున్నా, తిండి సహించకపోతున్నా, బతుకు మీద విరక్తి మాటలు వస్తున్నా విద్యాసంవత్సరం చివరిదాకా ఆగక్కర్లేదు. ముందు డాక్టరు, అవసరమైతే వెంటనే రాజీనామా. ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది.

అలాంటిదేమీ లేకపోతే విద్యాసంవత్సరం పూర్తి చేయనివ్వండి. ఈలోగా వారానికి ఒకసారి, శనివారం అనుకోండి, రెండు విషయాలు ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఈ వారం బాగా కుదిరిన పీరియడ్ ఏది, ఎందుకు కుదిరింది. ఈ వారం ఎక్కువ బాధపెట్టినది క్లాసు గది లోపలిదా, బయటిదా. ఏడాది చివర ఆ పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. బాధంతా రికార్డులు, మీటింగులు, యాజమాన్యం తీరు, మితిమీరిన పీరియడ్ల దగ్గరే ఉండి, పాఠం చెప్పే గంట మాత్రం బాగుందని తేలితే స్కూలు మార్చాలి, వృత్తి కాదు. కొత్త చోట ఇంటర్వ్యూలో వారానికి ఎన్ని పీరియడ్లు, ఎన్ని సెక్షన్లు, కొత్తవాళ్లకు సీనియర్ సాయం ఉంటుందా అని తనే అడగాలి. అడగడంలో తప్పేమీ లేదు.

క్లాసు అదుపులోకి వచ్చాక కూడా, పిల్లల మధ్య ఆ గంటే తనకు భారంగా ఉంటే అప్పుడు నాన్నగారి మాట వినడమే మంచిది. అందులో ఓటమి ఏమీ లేదు. గణితం తెలిసి, దాన్ని విడమరిచి చెప్పడం తెలిసినవారికి పాఠ్యపుస్తకాలు, ఆన్‌లైన్ పాఠాల రూపకల్పన, ప్రశ్నపత్రాల తయారీ, ఒక్కొక్కరికీ విడిగా ట్యూషన్ చెప్పడం, డేటాకు సంబంధించిన ఉద్యోగాలు ఇలా దారులు చాలానే ఉన్నాయి. వాటికి చదవడం ఇప్పుడు ఐదు సెక్షన్లు మోస్తూ మొదలుపెడితే రెండూ చెడతాయి, సెలవుల్లో మొదలుపెట్టమనండి. మానేసేటప్పుడు పరీక్షలు, ఫలితాలు అయ్యాక, ముందుగా నోటీసు ఇచ్చి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకుని రావాలి. మధ్యలో వదిలేస్తే ఆ కాగితం ఇబ్బంది అవుతుంది, తొమ్మిదో తరగతి పిల్లలకూ సిలబస్ మధ్యలో టీచర్ మారిపోతారు.