షంట్‌కు సోకిన మొండి ఇన్ఫెక్షన్: మందు నేరుగా మెదడులోకి ఇస్తామంటే ఒప్పుకోవచ్చా?

నమస్కారం అన్నా. తలలో నీరు చేరినందున ప్రొద్దుటూరులోని మీ చెల్లెలి ఏడు నెలల పాపకు షంట్ (ఆ నీటిని ఒంట్లోనే మరోచోటికి మళ్ళించే గొట్టం) వేశారని, మూడు వారాలకు జ్వరం, వాంతులు మొదలై, తలలోని నీటిని పరీక్షిస్తే అసినెటోబాక్టర్ అనే బాక్టీరియా బయటపడిందని, రిపోర్టులో దాదాపు అన్ని మందుల ఎదుటా 'ఆర్' (అంటే ఆ మందుకు బాక్టీరియా లొంగదు) అని ఉందని రాశారు. షంట్ తీసేసి, బయటికి గొట్టం పెట్టి, ఆ గొట్టం గుండానే మెదడులోకి మందు ఇస్తామని డాక్టర్లు అంటుంటే ఇంట్లో పెద్దవాళ్ళు భయపడుతున్నారని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగారు. నేను డాక్టరును కాను. మాది ఎమ్మిగనూరు. మా అబ్బాయికి అయిదో నెలలో ఇదే బాక్టీరియాతో ఇదే జబ్బు వచ్చి, కర్నూలులో నలభై ఒక్క రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఒక తల్లిగా నేను చెప్పగలిగింది ఇది: ఒప్పుకోండి, ఆలస్యం చేయవద్దు.

ఎందుకో నాకు అర్థమైనంతవరకు వివరిస్తాను. రక్తానికీ మెదడుకూ నడుమ ఒక అడ్డుపొర ఉంటుంది. నరానికి ఎక్కించిన మందులో కొంత భాగమే దాన్ని దాటుతుంది. అందుకే చాలా ఇన్ఫెక్షన్లకు కిలో బరువుకు 20 మి.గ్రా. చొప్పున ఇచ్చే మెరోపెనెమ్‌ను, మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్ఫెక్షన్) వచ్చిన ఈ వయసు పిల్లలకు 40 మి.గ్రా. చొప్పున ఎనిమిది గంటలకోసారి ఇస్తారు. బాక్టీరియా మెరోపెనెమ్‌కు కూడా లొంగనప్పుడు చాలాసార్లు మిగిలేది కొలిస్టిన్. అది ఆ పొరను దాటేది బహు కొద్దిగా మాత్రమే. దాటించాలని నరంలోకి మోతాదు పెంచుకుంటూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకని నరానికి ఇస్తూనే, ఇంకొంత నేరుగా మెదడులోని నీటి గదులలోకి ఇస్తారు. పెద్దవాళ్ళకు ఇది మెదడును గుచ్చడంలా వినిపిస్తుంది కానీ, మందు రోజూ పోయేది అప్పటికే అమర్చిన గొట్టం గుండానే.

షంట్ తీయడం గురించి కూడా వెనకాడవద్దు. ప్లాస్టిక్ గొట్టం మీద బాక్టీరియా జిగురులాంటి పొర కట్టుకుని దాక్కుంటుంది, ఆ పొరలోకి మందులు సరిగా చొరబడవు. మేము మొదట చూపించిన చోట షంట్‌ను కాపాడుదామని తొమ్మిది రోజులు మందులు మారుస్తూ గడిపారు. ఇంకో ఆపరేషన్ తప్పుతుందన్న ఆశతో మేమూ తల ఊపాము. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్లవుతుంది.

ఇంకో మాట, దీన్ని మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక రాత్రి ఏడుపు తప్పేది. మా రిపోర్టులో కొలిస్టిన్ ఎదుట 'ఐ' అని ఉంది. అంటే ఇది కూడా అంతంతమాత్రమే పనిచేస్తుందేమోనని మేము కుప్పకూలిపోయాము. మరునాడు మైక్రోబయాలజీ డాక్టరమ్మ విడమరిచి చెప్పారు: చాలా ల్యాబులు పాటించే సీఎల్‌ఎస్‌ఐ నిబంధనలు 2020లో మారాయి, అప్పటి నుంచి ఈ బాక్టీరియా విషయంలో కొలిస్టిన్‌కు 'ఎస్' (అంటే మందుకు లొంగుతుంది) అన్న అక్షరమే వేయరు, 'ఐ' గానీ 'ఆర్' గానీ వేస్తారు. కాబట్టి 'ఐ'ని చూసి ఆశ వదులుకోకండి.

గొట్టం పెట్టాక మీ చెల్లెలికి కష్టమంతా పాపను కదలకుండా చూసుకోవడంలోనే ఉంటుంది. నీరు చేరే సంచిని బిడ్డ చెవి రంధ్రం ఎత్తును బట్టి కొలిచి స్టాండుకు తగిలిస్తారు. బిడ్డను ఎత్తుకుంటే నీరు ఒక్కసారిగా ఎక్కువ కారిపోతుంది. కనుక ఎత్తాలన్నా, పాలు పట్టాలన్నా ముందు నర్సును పిలిచి గొట్టం మూయించాలి. మా వాడికి మందు ఇచ్చేటప్పుడు డాక్టరు చేతులు కడుక్కుని, గ్లవుజులు వేసుకుని, ముందు కొద్దిగా నీరు బయటికి తీసి, అంతే మేరకు మందును చాలా నెమ్మదిగా ఎక్కించేవారు. తర్వాత గంటసేపు గొట్టం మూసి ఉంచేవారు, మందు వెంటనే కారిపోకుండా. మొదటి రోజు ఆ నీరు బియ్యం కడిగిన నీళ్ళలా ఉండింది. ఆరో రోజుకు సంచి వెనక ఉన్న అంకెలు నీటిలోంచి స్పష్టంగా కనిపించాయి. ఆ అంకెలను నేను ఎన్నిసార్లు చదువుకున్నానో!

అయితే నీరు తేటపడిందని, జ్వరం దిగిందని కోర్సు ఆపమని అడగవద్దు. ఇలాంటి బాక్టీరియాకు సాధారణంగా మూడు వారాలు మందు ఇస్తారు, నీటి కల్చర్‌లో బాక్టీరియా పెరగడం ఆగిన రోజు నుంచి లెక్కపెట్టేవారూ ఉన్నారు. మళ్ళీ మళ్ళీ కల్చర్‌కు పంపి, ఏమీ పెరగడం లేదని నిర్ధారించుకున్న తర్వాతే కొత్త షంట్ వేస్తారు. ఈలోగా కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడెప్పుడు చేస్తున్నారో అడిగి తెలుసుకోండి, పాప మూత్రం తగ్గినట్లు అనిపిస్తే అప్పటికప్పుడే నర్సుకు చెప్పండి.

మా అత్తగారు మంత్రాలయం మొక్కుకున్నారు, మొక్కు తీర్చుకున్నాము కూడా. కానీ సంతకం పెట్టడం మాత్రం ఒక్క గంట కూడా వాయిదా వేయలేదు. మీ ఇంటి పెద్దలకు కూడా అలాగే నచ్చచెప్పి చూడండి.

మా వాడికి ఇప్పుడు మూడేళ్ళు. మాటలు వచ్చాయి, ఎడమ చెయ్యి కొంచెం బిగుసుకుని ఉంటుంది, ఫిజియోథెరపీ చేయిస్తున్నాము. మెనింజైటిస్ తర్వాత కొందరు పిల్లలకు వినికిడి పోతుంది, పైకి తెలియదు. డిశ్చార్జికి ముందే వినికిడిని చూసే బెరా పరీక్ష చేయించమని అడగండి, ఇంటికి వెళ్ళాక వారానికోసారి టేపుతో తల చుట్టుకొలత కొలిచి నోటుపుస్తకంలో రాసి పెట్టమని మీ చెల్లెలికి చెప్పండి. రిపోర్టులో కొలిస్టిన్ ఎదుట ఏ అక్షరం ఉందో చూసి ఇక్కడే రాయండి, నేను రాత్రి పదింటి దాకా చూస్తూ ఉంటాను.