1950ల్లో అమెరికావాళ్ళకి కమ్యూనిజం అంటే నిజంగానే భయమా, లేక ఓట్ల కోసం ఆడిన నాటకమా?

నాకు ముందు ఇద్దరు జవాబు రాశారు, ఒకాయన మొత్తం నాటకమే అని తేల్చేశారు, ఇంకొకాయన స్టాలిన్ లెక్కలన్నీ వేసి భయపడక ఏం చేస్తారు అన్నారు. ఇద్దరూ పుస్తకాలు చూసి రాసినట్టున్నారు. నేను ఆ భయాన్ని ఎదురుగా కూర్చుని చూసినవాణ్ణి, అదీ 1950లో కాదు 2019లో, సోవియట్ యూనియన్ కూలిపోయి దాదాపు 28 ఏళ్ళయ్యాక, నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో.

ముందు సంగతి చెప్తా. మాది కృష్ణా జిల్లా. అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, కమ్యూనిస్టు పార్టీ మనిషి. లీడరేం కాదు, జెండా మోసినవాడు, మీటింగంటే బండి కట్టినవాడు, ఉన్న మూడెకరాల్లో ఒకటి పార్టీ పనులకే కరిగించేశాడని అమ్మమ్మ చచ్చేదాకా సాధించింది. వాళ్ళింటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది, ఆ నున్నటి రంగుల కాగితాలే మా పుస్తకాలకి అట్టలు. నా లెక్కల నోట్సు మీద ట్రాక్టరు నడిపే రష్యా ఆవిడ, సైన్సు మీద అంతరిక్షంలోకి మొదట వెళ్ళిన రష్యావాడు గగారిన్. ఈ జవాబు చదివే నలభై దాటినవాళ్ళలో సగంమంది ఇళ్ళల్లో ఇదే కథ, కాదనకండి.

ఇక ఇంటర్వ్యూ. ఎదురుగా యాభై ఏళ్ళావిడ, మంచి మనిషే, కుడి చెయ్యి ఎత్తించి అన్నీ నిజాలే చెప్తానని ప్రమాణం చేయించింది. తర్వాత సివిక్స్ టెస్టు, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు. అప్పట్లో వంద ప్రశ్నలు చదువుకుని వెళ్ళాల్సొచ్చేది, పది దాకా అడిగేవాళ్ళు, ఆరు చెప్తే చాలు. మా అమ్మాయి కారులో రోజూ నన్ను బట్టీ పట్టించింది, నా ఇంటర్ పరీక్షలక్కూడా అంత చదవలేదు. ఆ వందలో 83వ ప్రశ్న: కోల్డ్‌వార్ (అమెరికా, రష్యాల ప్రచ్ఛన్నయుద్ధం) టైములో అమెరికాకి ఉన్న ముఖ్యమైన ఆందోళన ఏది? సరిగ్గా అదే పడింది నాకు. కమ్యూనిజం అన్నా ఠక్కున. వెరీ గుడ్ అంది.

పది నిమిషాలు కాలేదు, నా సిటిజన్‌షిప్ అప్లికేషను, ఎన్-400 ఫారం, ముందేసుకుని ఒక్కో గడీ అడుగుతూ వస్తోంది, ఎప్పుడైనా అరెస్టయ్యారా, పన్నులు ఎగ్గొట్టారా, ఆ వరసలోనే అదే గొంతుతో, మీరు ఎప్పుడైనా డైరెక్టుగా గానీ ఇన్‌డైరెక్టుగా గానీ కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా, ఏ రకంగానైనా సంబంధం ఉందా అని అడిగింది.

రాసినప్పుడు చకచకా కాదు అని టిక్కు పెట్టేశా. మనిషి ముఖం చూసి చెప్పాల్సొచ్చేసరికి గొంతు పట్టేసింది. ఇన్‌డైరెక్టుగా అంటే ఏంటి? గగారిన్ అట్ట లెక్కలోకొస్తుందా? నాకు పదకొండేళ్ళప్పుడు తాతయ్య నన్ను పార్టీవాళ్ళ బాలసంఘం మీటింగుకి తీసుకెళ్ళాడు, పాట పాడా, స్టీలు గ్లాసు ప్రైజిచ్చారు. అదో? పైగా ఆవిడ కమ్యూనిస్టు పార్టీ అంటోంది, ఏదో లోకంలో ఒక్కటే ఉన్నట్టు. ఏ పార్టీ మేడమ్ అని అడగబుద్ధయింది నాకు. మా ఊళ్ళో సీపీఐకి ఒక రచ్చబండ, సీపీఎంకి ఇంకోటి, 1964లో చీలినప్పట్నుంచి తాతయ్యకీ ఆయన సొంత బావమరిదికీ మాటల్లేవు, చావుకి కూడా ఎడంగా నిలబడ్డారు. ఇక ఎమ్మెల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) గ్రూపులైతే పేరు పక్కన బ్రాకెట్టు, ఆ బ్రాకెట్టు చీలితే మళ్ళీ బ్రాకెట్టు. ఇదంతా ఆవిడకి ఎక్కడ చెప్పను. నో అన్నా. టిక్కు కొట్టి తర్వాత ప్రశ్నకెళ్ళింది. మొత్తం మూడు సెకన్లు.

(అన్నట్టు పదహారేళ్ళ లోపు సభ్యత్వాలు ఆ చట్టంలో లెక్కలోకి రావు, మినహాయింపుంది. ఈ ముక్క నేనే తర్వాత వెతుక్కున్నా. మూడుసార్లు ఫీజు తీసుకున్న లాయరు ఒక్కసారి చెప్పలేదు, ఫోన్ చేస్తే నిమిషాల లెక్కన బిల్లు మాత్రం కరెక్టుగా వచ్చేది.)

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తా. భయం నిజమే. నాటకం అనేవాళ్ళు తారీఖులు వరసగా పెట్టి చూడరు. 1949 ఆగస్టు 29న రష్యా అణుబాంబు పేల్చింది, అప్పటిదాకా అది తమ ఒక్కళ్ళ దగ్గరే ఉందని అమెరికా ధైర్యం, ఇంకా చాలా ఏళ్ళు పడుతుందనుకున్నారు, నాలుగేళ్ళలో వచ్చేసింది. అక్టోబరు 1న మావో చైనా మొత్తం మాదే అని ప్రకటించాడు. 1950 ఫిబ్రవరి మొదట్లో క్లాస్ ఫుక్స్ బ్రిటన్‌లో అరెస్టు, బాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌లోనే కూర్చుని పనిచేసిన సైంటిస్టు, గుట్టంతా మాస్కోకి అందించాడు. అదే నెల 9న మెకార్తీ అనే సెనేటరు వీలింగ్ అనే ఊళ్ళో లేచి, విదేశాంగ శాఖలో ఉన్న కమ్యూనిస్టుల లిస్టు నా చేతిలో ఉంది, 205 మంది అన్నాడని పేపర్లో వచ్చింది. జూన్ 25న కొరియా యుద్ధం. ఇదంతా పది నెలల్లో! మన పక్కింట్లో ఒక దొంగతనం జరిగితేనే నెలరోజులు తలుపుకి రెండు గొళ్ళేలు పెడతాం, పది నెలల్లో ఇన్నంటే ఎవడైనా జడుసుకుంటాడు.

గూఢచారులూ నిజమే. అమెరికా వాళ్ళు విప్పిన సోవియట్ రహస్య టెలిగ్రాములు 1995లో బయటపెట్టారు, వెనోనా అంటారు, అణు గూఢచర్యం కేసులో మరణశిక్ష పడ్డ రోజెన్‌బర్గ్ లాంటి పేర్లు అందులో ఉన్నాయి. అంతా కట్టుకథ అనే మా కామ్రేడ్లు దీని ఊసెత్తరు.

కానీ నిజమైన భయం పట్టుకుని వాళ్ళు చేసిన పనులు చూడండి. మెకార్తీ లిస్టు 205 కాస్తా కొన్ని రోజుల్లోనే 57 అయింది, అయినా నాలుగేళ్ళు దేశాన్ని ఆడించాడు, 1954 డిసెంబరులో సెనేట్ 67-22 ఓట్లతో చీవాట్లు పెట్టేదాకా. సిన్సినాటీలో రెడ్స్ అని బేస్‌బాల్ టీముంది, ఎర్ర మేజోళ్ళ వల్ల వచ్చిన పేరది, మార్క్సుకీ దానికీ ఏం సంబంధం? కొన్నేళ్ళు పేరు రెడ్‌లెగ్స్ అని మార్చుకున్నారు. మా అమ్మాయి బడిలో రోజూ పొద్దున్నే జెండాకి చెప్పే ప్రతిజ్ఞలో దేవుడి నీడలో అనే అర్థం వచ్చే మాటుంటుంది, అది మొదట్నుంచీ ఉన్నది కాదు, 1954లో కలిపారు, రష్యావాళ్ళు నాస్తికులు కాబట్టి మేం వేరు అని చూపించుకోడానికి. నాకు వేసిన ప్రశ్న కూడా ఆ రోజులదే. 1950 చట్టంలో కమ్యూనిస్టులకి పౌరసత్వం ఇవ్వొద్దని పెట్టారు, 1952 వలస చట్టంలోకి అది అలాగే వచ్చింది. అప్పటి ప్రెసిడెంటు ట్రూమన్ రెండిటినీ వీటో చేశాడు, కాంగ్రెస్ రెండుసార్లూ ఆయన మాట కొట్టిపారేసింది. భయం పుట్టించిన దేశం మ్యాప్‌లో లేదు, గడి మాత్రం ఫారంలో ఉండిపోయింది.

నాకు అన్నిటికన్నా మండేది చియెన్ షూసెన్ సంగతి. 1935లో స్కాలర్‌షిప్ మీద చైనా నుంచి వచ్చి, కాల్‌టెక్‌లో రాకెట్లు చేసి, ఇప్పుడు నాసా కింద ఉన్న జెట్ ప్రొపల్షన్ ల్యాబు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. 1949లో సిటిజన్‌షిప్‌కి అప్లై చేసుకున్నాడు, అంటే ఇక్కడే ఉండిపోదామనే కదా. మరుసటేడు, 1930ల్లో ఏదో కమ్యూనిస్టు కూటానికి వెళ్ళావంటూ రహస్య పనులు చేసే క్లియరెన్స్ పీకేశారు, ఆయన కాదన్నాడు, వినలేదు. ఐదేళ్ళు కాపలాలో పెట్టి 1955లో చైనాకి పంపించేశారు. ఆయన వెళ్ళి ఏం చేశాడో తెలుసుగా, చైనా మిస్సైళ్ళకి పునాది వేశాడు. భయపడి భయపడి ఏ చేతుల్లో పడకూడదనుకున్నారో తీసుకెళ్ళి ఆ చేతుల్లోనే పెట్టారు. హెచ్1బీ మీదొచ్చి పదిహేనేళ్ళుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనవాళ్ళకి ఈ కథ చెప్తే, మనం రాకెట్లు చెయ్యట్లేదుగా అంటారు.

వాళ్ళ అసలు తప్పు ఏంటంటే, నా లెక్క ఇది, ప్రపంచంలో ఎర్రజెండా పట్టినవాడల్లా మాస్కో నుంచి తీగ లాగితే ఆడే బొమ్మ అనుకున్నారు. మనవాళ్ళూ మాస్కోలో వానొస్తే బెజవాడలో గొడుగు పడతారని ఎగతాళి చేసేవాళ్ళు, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఏమైందో తాతయ్య చెప్తే వినాలి. అప్పుడాయనకి పాతికేళ్ళు. ఈసారి ప్రభుత్వం మనదే అని ఊళ్ళల్లో గోడలన్నీ రాసేశారట. సరిగ్గా పోలింగుకి ముందు, జనవరిలో, రష్యా పార్టీ పేపరు ప్రావ్దా నెహ్రూని పొగుడుతూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్‌వాళ్ళు దాన్ని అచ్చేయించి ఊరూరా పంచారు, మీ దేవుళ్ళే మమ్మల్ని మెచ్చుకుంటున్నారు కదరా అని. 196 సీట్లకి పార్టీకి వచ్చినవి 15. ఓట్లు మాత్రం దగ్గర దగ్గర 31 శాతం. అంటే ప్రావ్దా ఒక్కటే ఓడించిందని కాదు, కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ అన్నీ కలిసి ఒకటే అభ్యర్థిని పెట్టాయి, అదే పెద్ద దెబ్బ. కానీ తాతయ్య మనసులో ముల్లు ప్రావ్దాదే. "మాస్కోకి నెహ్రూ కావాలిరా, మేం ఎందుకు?" అనేవాడు అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ. అయినా ఆ పత్రిక చందా మానలేదు, అదే నాకు అర్థం కాదు.

రష్యాకి దాని రాజ్యం ముఖ్యం, మా తాతయ్య కాదు. చైనా, రష్యా 1969లో ఉసూరి నది దగ్గర తుపాకులతో కాల్చుకున్నాయి. ఇద్దరూ కమ్యూనిస్టులే! ఆ పగలు 1960ల మొదట్నుంచే కనపడుతున్నా వియత్నాంలో మాత్రం ఒక దేశం కమ్యూనిస్టుల చేతిలో పడితే పక్కవన్నీ పడతాయని అమెరికావాళ్ళు లక్షలమంది కుర్రాళ్ళని పంపించారు.

భయం వల్ల మంచి జరగలేదా అంటే జరిగింది, అదీ చెప్పాలి. 1957లో రష్యా ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరేసరికి అదిరిపోయి మరుసటేడే చట్టం చేసి లెక్కలకీ సైన్సుకీ డబ్బు గుమ్మరించారు. 1954 నుంచి పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద గోధుమలు, పేద దేశాలు ఆకలితో ఎర్రబడకూడదనే లెక్క కూడా అందులో ఉంది, మిగిలిపోయిన పంట వదిలించుకోడమూ ఉంది. మా అమ్మ చిన్నప్పుడు బడిలో పెట్టిన ఉప్మా అమెరికా రవ్వదే. కమ్యూనిస్టు కూతురు అమెరికా ఉప్మా తిని సోవియట్ అట్ట వేసిన పుస్తకంలో ఎక్కాలు రాసుకుంది. పెద్దోళ్ళిద్దరూ కొట్టుకుంటే మాకు ఒకడు అట్ట, ఒకడు ఉప్మా ఇచ్చారు, మధ్యలో బాంబు పడనందుకు సంతోషం.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. ఇక్కడ మన తెలుగు అంకుల్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా స్కూల్లో పిల్లలకి ఉచిత భోజనం అన్నారంటే చాలు, సోషలిజం వచ్చేస్తోంది అని గగ్గోలు. గవర్నమెంటు హాస్టల్లో ఉండి, ఫీజు లేకుండా ఇంజనీరింగ్ చదివొచ్చినవాళ్ళే వీళ్ళు. మెకార్తీకన్నా వీళ్ళే నయం అనుకుంటా అప్పుడప్పుడు, కనీసం లిస్టు ఉందనరు.

ఇంటర్వ్యూ అయ్యాక పార్కింగులోంచే అమ్మకి ఫోన్ చేశా, పాసయ్యా అని. ఏమడిగారురా అంది. అన్నీ చెప్తూ ఈ ప్రశ్న కూడా చెప్పా.

"మరి ఏమన్నావు?"

"లేదన్నా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తాతయ్య గుర్తొచ్చాడేమో, బాధపడిందేమో అనుకున్నా.

"అలాగైతే ఆ బాలసంఘం గ్లాసు నువ్వు ఈసారి వచ్చినప్పుడు పట్టుకెళ్ళకు నాన్నా, ఎయిర్‌పోర్టులో చూస్తారు. ఇక్కడే ఉండనీ, నేను మజ్జిగ తాగేది దాంట్లోనే."