యుద్ధంలో శత్రు సైనికుల మధ్య మానవత్వం నిజంగా ఉంటుందా, అవన్నీ కథలేనా?

ఉంటుంది. కాకపోతే సినిమాల్లోలా కౌగిలింతలూ కన్నీళ్లూ ఉండవు. ఎదుటివాణ్ని చంపాల్సిన పని అలాగే ఉంటుంది, మర్యాద దాని పక్కనే ఉంటుంది.

అందరూ చెప్పేది మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 క్రిస్మస్. బెల్జియం వైపు ఫ్లాండర్స్‌లో బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాలు దాటొచ్చి సిగరెట్లు పంచుకున్నారు, మధ్యలో పడి ఉన్న శవాలను పాతిపెట్టుకున్నారు. మరుసటి ఏడాది అలాంటిది జరక్కుండా పై అధికారులు ముందే గట్టి ఆర్డర్లు ఇచ్చారు.

నాకు మాత్రం టైగర్ హిల్ సంగతే గొప్పగా అనిపిస్తుంది. కార్గిల్ యుద్ధంలో, 1999 జులైలో అక్కడ ఎదురుదాడి నడిపిస్తూ పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ చనిపోయాడు (కర్నల్ ఆయన ర్యాంకు కాదు, పేరే). కొండల మీద ఉన్నది తమ సైన్యం కాదని పాకిస్తాన్ బుకాయిస్తున్న రోజులవి. మన 192 మౌంటెన్ బ్రిగేడ్ కమాండర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఆ శవాన్ని కిందికి తెప్పించి, ఇతను చాలా ధైర్యంగా పోరాడాడని చీటీ రాసి జేబులో పెట్టించారు. తర్వాత పాకిస్తాన్ అతనికి తమ అత్యున్నత పతకం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది. అతన్ని చంపింది బాజ్వా గారి జవాన్లే, మెచ్చుకుంటూ రాసిందీ ఆయనే.

ఇక నేను కళ్లారా చూసింది. 2003 నవంబరులో కాల్పుల విరమణ రాకముందు నియంత్రణ రేఖ మీద ఒక పోస్టులో ఉండేవాణ్ని. గాలి ఇటు వీస్తే అవతలివాళ్ల దగ్గు కూడా వినపడేది. ఒక రాత్రి గట్టిగా ఫైరింగ్ జరిగింది. తెల్లారి చూస్తే వాళ్ల జవాను ఒకతను వాగు గట్టున పడి ఉన్నాడు. మధ్యాహ్నం అటునుంచి తెల్లజెండా లేచింది. మా సాబ్ ఫైర్ ఆపమన్నారు.

నలుగురు ఆయుధాల్లేకుండా స్ట్రెచర్ తీసుకుని దిగారు. మా ఎల్‌ఎంజీ (తేలికపాటి మెషిన్ గన్) మీదున్న కుర్రాడు ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. శవాన్ని ఎత్తాక వాళ్లలో కాస్త వయసున్నాయన వెనక్కొచ్చి, కిందపడ్డ టోపీ తీసి, రెండుసార్లు మట్టి దులిపి, చనిపోయినతని ఛాతీ మీద పెట్టాడు. మావైపు చూసి చెయ్యెత్తాడు. మావాళ్లూ ఇద్దరు ముగ్గురు ఎత్తారు.

చీకటిపడగానే ఫైరింగ్ మళ్లీ మామూలే. ఎల్‌ఎంజీ మీద ఉన్నది ఆ కుర్రాడే. మాలో ఎవరికీ అది వింతగా అనిపించలేదు.