మీరు అడిగారు: హైదరాబాద్‌కు 456 కిలోమీటర్లా, 508 కిలోమీటర్లా?

ప్రశ్న: బెంగళూరు–హైదరాబాద్ విమాన దూరం ఒకచోట 456 కిలోమీటర్లనీ, ఇంకోచోట 508 అనీ ఉంది. ఏది సరైనది? గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి టికెట్లో గంటా పావు ఎందుకు వేస్తారు?
– ఓ పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఇప్పటి లెక్క 456. రెండోది పాత విమానాశ్రయాల మధ్య దూరం. 2008 మార్చిలో బేగంపేట నుంచి శంషాబాద్‌కు, మే నెలలో బెంగళూరులోని హెచ్‌ఏఎల్ పాత విమానాశ్రయం నుంచి దేవనహళ్లికి విమానాలు మారాయి. శంషాబాద్ హైదరాబాద్‌కు దక్షిణాన, దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన ఉన్నాయి. రెండూ ఎదురెదురుగా జరగడంతో గాల్లో యాభై కిలోమీటర్లు తగ్గాయి. ఎక్కడైనా 246 అని కనిపిస్తే అది నాటికల్ మైళ్లలో, అంటే విమానాలకూ ఓడలకూ వాడే మైళ్లలో చెప్పిన ఇదే దూరం. దాన్ని 1.852తో హెచ్చవేయాలి. రోడ్డు మైలు అనుకుని 1.609తో హెచ్చవేస్తే 396 వస్తుంది, తప్పు.

ఇక సమయం. టికెట్లో రాసేది గాల్లో ఉండే సేపు కాదు. ఇక్కడి గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడి గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. రన్‌వే దాకా నడిపించడం, ముందున్న విమానాల వెనక వరసలో నిలబడటం, దిగాక మళ్లీ గేటు చేరడం, అన్నీ అందులోనే. పైగా రెండుచోట్లా రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, ప్రయాణమేమో ఉత్తర దక్షిణాలుగా. కాబట్టి లేచాక ఒక మలుపు, దిగేముందు ఇంకో మలుపు తప్పవు.

అసలు కారణం వేరే ఉంది. 35,000 అడుగుల ఎత్తు నుంచి దిగడానికే దాదాపు 200 కిలోమీటర్లు కావాలి. ఎక్కడానికీ చాలా దూరం పడుతుంది. 456లో పూర్తి వేగంతో నిలకడగా సాగే భాగం కొంచెమే. అందుకే దూరాన్ని 800తో భాగించి ఊరుకుంటే సరిపోదు, పైన 40 నిమిషాలు కలపండి. హైదరాబాద్‌కు 34+40, అంటే గంటా 14 నిమిషాలు. విశాఖ 775 కిలోమీటర్లు, 58+40, అంటే సుమారు గంటా 40 నిమిషాలు. దేశంలోపలి ప్రయాణాలకు ఈ లెక్క బాగా పనికొస్తుంది. లండన్ లాంటి దూరాలకు నమ్మొద్దు. పైన పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వల్ల వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడు తక్కువ సేపు పడుతుంది.

ప్రశ్న: బెంగళూరులో రాత్రి 11కు ఎక్కితే సింగపూర్‌లో ఉదయం 6కు దిగుతామని టికెట్లో ఉంది. ఏడు గంటల ప్రయాణమా?
– ఓ పాఠకుడు, కేఆర్ పురం

జవాబు: కాదండీ, నాలుగున్నర గంటలే. టికెట్లో ఎక్కే సమయం మన గడియారం ప్రకారం, దిగే సమయం అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. తూర్పుకు వెళ్తే ఆ తేడాను తీసేయాలి, తిరుగు ప్రయాణంలో కలపాలి. దిగే తేదీ కూడా చూడండి. అర్ధరాత్రి దాటితే తారీఖు మారుతుంది, హోటల్ బుకింగ్‌లో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ప్రశ్న: 'డైరెక్ట్' అని చూపించి విశాఖకు మూడు గంటల పైన వేశారు. ఎందుకు?
– ఓ పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అది దారిలో ఇంకో ఊళ్లో ఆగే విమానం అయ్యుంటుంది. నంబరు మారకపోతే మధ్యలో ఆగినా డైరెక్ట్ అనే అంటారు. ఎక్కడా ఆగకూడదంటే 'నాన్‌స్టాప్' అని ఎంచుకుని వెతకండి.