తమ్ముడికి రక్తం ఎక్కించే రోజు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. ఎనిమిదో నెలలో తలసీమియా మేజర్ (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) అని తేలింది. అప్పటి నుంచి మూడు వారాలకొకసారి హైదరాబాదుకు తీసుకువెళ్లి రక్తం ఎక్కిస్తున్నాము. మా వారు నా మేనమామ కొడుకే. అయినా మా అత్తగారు "ఈ జబ్బు మా ఇంటి నుంచి రాలేదు" అంటారు. ఆడపడుచుకు సంబంధాలు చూస్తున్నాము కాబట్టి, ఎవరైనా అడిగితే బాబుకు కాస్త రక్తం తక్కువని మాత్రమే చెప్పమన్నారు. మా పాపకు పదకొండేళ్లు. పోయిన నెల జ్వరం వస్తే రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకని అడిగితే "తమ్ముడికి రక్తం ఎక్కించే రోజు కదమ్మా" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. పాప ఎముక మజ్జ సరిపోతే బాబుకు నయమవుతుందని కూడా అంటున్నారు. దాన్ని ఈ విషయం అడగవచ్చా?
— ఒక తల్లి, సూర్యాపేట జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ జ్వరం సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాప చేసిన పని దానికదే పుట్టిన బుద్ధి కాదు. ఇంట్లో జబ్బు గురించి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం, చుట్టాలు వస్తే మాట మార్చడం, ఆస్పత్రి కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేయడం చూస్తూ పెరిగిన పిల్ల, ఒంట్లో బాగాలేకపోతే దాచుకోవాలనే నేర్చుకుంటుంది. అందుకే మీరు అడిగిన మజ్జ సంగతి కంటే ముందు ఈ దాపరికం గురించి చెప్పాలనుకుంటున్నాను.

మొదట మీ అత్తగారి మాట. తలసీమియా మేజర్ ఒక వైపు నుంచి మాత్రమే రాదు. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ జన్యువును మోస్తున్నప్పుడే, ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశంతో బిడ్డకు వస్తుంది. మోస్తున్నవారికి పెద్దగా ఏ బాధా ఉండదు కాబట్టి, తరతరాలుగా ఎవరికీ తెలియకుండానే సాగిపోతుంది. మీది మేనరికం కనుక మీ ఇద్దరికీ ఒకే తాత నుంచో అమ్మమ్మ నుంచో వచ్చి ఉండవచ్చు. అయితే ఏ చుట్టరికమూ లేని దంపతుల పిల్లలకు కూడా ఈ వ్యాధి వస్తున్నది. మీ వారు క్యారియర్, అంటే ఆ జన్యువును మోస్తున్నవారు, కనుక ఆయన తల్లిదండ్రులలో కనీసం ఒకరు క్యారియరే అయి ఉంటారు. అంటే మీ ఆడపడుచుకూ ఆ అవకాశం సగానికి సగం ఉన్నది. ఆమె పెళ్లి కోసం దాస్తున్న ఈ విషయమే పెళ్లికి ముందు ఆమెకు తెలియవలసిన విషయం. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష ఒక్కసారి చేయిస్తే చాలు. ఆమె క్యారియర్ అయినా పెళ్లి ఆగనక్కరలేదు. వరుడికీ ఆ పరీక్ష చేయించి, ఆయన కాదని తేలితే పుట్టే బిడ్డకు తలసీమియా మేజర్ వస్తుందన్న బెంగ ఉండదు. ఈ మాట మీ వారు తన తల్లికి స్వయంగా చెప్పాలి. కోడలి నోటి నుంచి వస్తే అది తగవుగా మారుతుంది.

"రక్తం తక్కువ" అని చెప్పడంలో మరొక ప్రమాదం ఉన్నది. ఆ మాట విన్న పెద్దలు ప్రేమకొద్దీ ఐరన్ టానిక్ సీసా తెచ్చిపెడతారు. అది మీ బాబుకు పట్టకూడదు. పెద్దవారికి ఎక్కించే ఒక్కో సంచి రక్తంలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది, దాన్ని బయటకు పంపే మార్గం శరీరానికి లేదు, అందుకే అది కాలేయంలోనూ గుండెలోనూ గ్రంథుల్లోనూ పేరుకుపోతుంది. దాన్ని తగ్గించడానికే డిఫెరాసిరాక్స్ వంటి మందులు ఇస్తారు. రక్తం ఎక్కించడం ఎంత ముఖ్యమో ఈ మందు మానకపోవడం అంత ముఖ్యం, ఒంట్లో ఇనుము ఎంత పేరుకున్నదో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా డాక్టరు చెప్పిన గడువులో చేయించండి. టానిక్ తెచ్చిన చుట్టానికి ఈ విషయం దాచితే సీసా తిప్పి పంపడానికి మీకు కారణం దొరకదు, నిజం చెబితే దొరుకుతుంది.

ఇక పాప. బాబు మంచం పక్కన మీరు ఎంతసేపు కూర్చుంటారో, సంచిలోంచి చుక్క చుక్కగా రక్తం దిగుతుంటే ఎలా చూస్తూ ఉంటారో ఆ పిల్లకు తెలియదు. ఇంట్లో ఉండి దారి చూడడం మాత్రమే తెలుసు. దానికి తేలిక మాటల్లో చెప్పండి: "తమ్ముడి ఒంట్లో రక్తం త్వరగా తరిగిపోతుంది, అందుకని మళ్లీ మళ్లీ ఇస్తారు, ఇది అంటుకునేది కాదు, ఎవరి తప్పూ కాదు." తర్వాత జ్వరం మాట ఎత్తి, ఆరోజు చెప్పి ఉంటే మేము విసుక్కునేవాళ్లం కాదు అని కూడా చెప్పండి. ఒకసారి చెబితే నమ్మదు. చాలాసార్లు చెప్పవలసి వస్తుంది.

మజ్జ మార్పిడి సంగతి: తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. చిన్న వయసులో, ఇనుము కాలేయాన్ని దెబ్బతీయక ముందు చేస్తే ఫలితం బాగుంటుంది కనుక ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణులను కలవండి. కోల్ ఇండియా సంస్థ 2017లో ప్రారంభించిన తలసీమియా బాల సేవా యోజన కింద అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. పాపను అడగవచ్చు, కానీ పరీక్షకు ముందే, "సరిపోకపోయినా నీ తప్పేమీ లేదు" అని చెప్పి అడగండి. తమ్ముడి ప్రాణం తన చేతిలో ఉందన్న మాట దాని చెవిన పడనివ్వవద్దు, ముఖ్యంగా నాయనమ్మ నోట.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా కూడా ఉన్నది, ధ్రువపత్రం కోసం జిల్లా ఆస్పత్రిలో అడగండి. హైదరాబాదులో 1998 నుంచి పనిచేస్తున్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలో మీలాంటి తల్లులు కనిపిస్తారు. మీ వారిని కూడా అక్కడికి వెంట తీసుకువెళ్లండి.

ఈసారి రక్తం ఎక్కించే రోజున బాబును మీ వారు తీసుకువెళ్లగలిగితే, మీరు ఇంట్లో ఉండి పాపకు తలకు నూనె పెట్టి జడ వేయండి. అది ఏమి మాట్లాడినా, మాట్లాడకపోయినా, సాయంత్రం దాకా దాని దగ్గరే ఉండండి.