ముందు గది మార్చి చూడండి

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లెటూరు. అమ్మాయి బీటెక్ ఈసీఈ పూర్తిచేసి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. ప్యాకేజీ 4.2 లక్షలు. కొత్త ఊళ్లో ఆడపిల్ల హాస్టల్లో ఎందుకని యలహంకలో ఉన్న మా బావమరిది ఇంట్లో ఉంచాం. నెల తిరక్కుండానే రోజూ ఫోన్లో ఏడుపు. ‘వచ్చేస్తాను నాన్నా, ఇంటి దగ్గరే ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటా’ అంటోంది. రప్పించేయమంటారా, నచ్చజెప్పమంటారా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దండి. మీరు ఉద్యోగం గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది బస్సు. యలహంక బెంగళూరుకు ఉత్తరపు కొస, ఎలక్ట్రానిక్ సిటీ దక్షిణపు కొస. మధ్యలో 30 కిలోమీటర్ల పైమాటే, దారి పొడవునా ట్రాఫిక్. ఆఫీసు వేళల్లో పోనూ రానూ నాలుగు గంటలు తక్కువ కాదు. మీ అమ్మాయి దాదాపుగా రాజాం నుంచి విశాఖపట్నం రోజూ వెళ్లి వస్తోందన్నమాట. తెల్లవారకుండా లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లకు ఉద్యోగం మంచిదో చెడ్డదో తెలిసే వీలెక్కడ? పైగా అది మేనమామ ఇల్లు. ఎంత ఆప్యాయంగా చూసుకున్నా, అలసిపోయి వచ్చి తలుపేసుకుని పడుకోవడానికి మొహమాటం. అత్త వంటింట్లో ఉంటే తాను ఊరికే కూర్చోవడం కుదరదు.

కాబట్టి ఆఫీసు దగ్గర లేడీస్ పీజీలోకి, అంటే గది, తిండి కలిపి ఇచ్చే ప్రైవేటు హాస్టల్లోకి, మార్చండి. 2025 ఆగస్టులో మెట్రో యెల్లో లైన్ మొదలైంది. ఆర్‌వీ రోడ్డు నుంచి సిల్క్ బోర్డు, ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వరకు వెళ్తుంది. ఆఫీసుకు నడిచి వెళ్లేంత దగ్గరలో దొరక్కపోతే సింగసంద్ర, హొస రోడ్డు, కూడ్లు గేటు స్టేషన్ల పక్కన చూడండి. ఆ చుట్టుపక్కల మనవాళ్లు నడిపే పీజీలు బోలెడు. అన్నం, పప్పు, పచ్చడికి బెంగ లేదు. ఇద్దరుండే గది, తిండితో కలిపి నెలకు పది వేలు, అటూ ఇటూ అవుతుంది.

మీరో, ఆమె తల్లో ఒక శని, ఆదివారాలు వెళ్లి దగ్గరుండి చూడండి. పగలు చూసిన గదిని రాత్రి ఎనిమిది తర్వాత మళ్లీ చూడాలి. స్టేషన్ నుంచి పీజీ దాకా దారిలో దీపాలున్నాయా, షాపులు తెరిచి ఉంటాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. నీళ్లు కావేరివా, బోరువా, ట్యాంకరా అని అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండి ఆ ఊరు పడిన అవస్థ పేపర్లలో చదివే ఉంటారు. యజమాని చెప్పేదానికన్నా అక్కడ ఉంటున్న ఇద్దరు పిల్లల్ని రాత్రి భోజనం గురించి, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారన్నదాని గురించి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. సాధారణంగా నెల ముందు చెప్పాలంటారు. ఆ మాట రసీదు మీద రాయించుకోండి. అద్దె ఇల్లు మాత్రం ఇప్పుడే వద్దు. బెంగళూరులో కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడమూ మామూలే. ఏడాది గడిచి, నమ్మకమైన స్నేహితురాళ్లు దొరికాక ఆలోచించవచ్చు.

మీ బావమరిదికి ఏం చెప్పాలా అని మీరు మథనపడతారని తెలుసు. దూరం వల్లేనని సూటిగా చెప్పండి. నెలకో రెండు నెలలకో శనివారం రాత్రికి అమ్మాయి వాళ్లింటికి వెళ్లి ఉంటే చుట్టరికమూ చెడదు, ఒంట్లో బాగోలేనప్పుడు చూసుకునే మనిషీ ఉంటారు. మన ఇళ్లలో ఈ మాట చెప్పలేకే చాలామంది పిల్లల ఉద్యోగాలు పోతున్నాయని నా అభిప్రాయం.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే తేల్చుకోండి. 4.2 లక్షలంటే నెలకు 35 వేలు చేతికొస్తాయనుకోకండి. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ ప్యాకేజీలోనే కలిపేస్తారు. తన వాటా పీఎఫ్, కర్ణాటక వృత్తి పన్ను 200 పోగా 30 వేల దగ్గర వస్తే మంచిదే. నెల మధ్యలో చేరినవాళ్లకు మొదటి జీతం తర్వాతి నెల జీతంతో కలిపి పడటమూ ఉంది. అందుకని రెండు నెలల ఖర్చు ఆమె ఖాతాలో ముందే వేసి, ఇక దాని ఊసెత్తకండి.

ఆఫీసులో చేయాల్సింది అమ్మాయికి చదివి వినిపించండి. మధ్యాహ్నం భోజనం టీమ్‌తోనే చేయాలి, వాళ్లలో తెలుగువాళ్లు లేకపోయినా సరే. పీజీలో మనవాళ్లు, బస్సులో మనవాళ్లు, క్యాంటీన్లోనూ మనవాళ్లే అయితే ఇంగ్లిషు ఎక్కడ వస్తుంది? పని సందేహాలు అడిగే చనువూ అన్నం బల్ల దగ్గరే పుడుతుంది. కన్నడం గురించి భయపడొద్దు. మన లిపికీ వాళ్ల లిపికీ మూలం ఒకటే, కొద్ది రోజులు బస్సు బోర్డులు చూస్తూ ఉంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడం దానంతటదే వస్తుంది. నాలుగు ముక్కలు కన్నడం మాట్లాడితే ఆటో అతని దగ్గర నుంచి సెక్యూరిటీ గార్డు దాకా పలకరింపే మారిపోతుంది.

ఇంటి నుంచి ఫోన్లు రోజుకొకటి చాలు. ‘అంత కష్టమైతే వచ్చేయమ్మా’ అన్న మాట మాత్రం రాత్రి పూట అనకండి. ఆ వేళకు ఎవరికైనా ఇల్లే గుర్తొస్తుంది.

పెద్ద పండగకు ఇంటికి రావడం ఖాయమని చెప్పండి, ఆమెకు అదో ఆసరా. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే వెళ్తుంది. కర్ణాటకలో సంక్రాంతికి మనలా మూడు నాలుగు రోజులు సెలవులుండవు. మేనేజర్‌ను నవంబరులోనే అడిగి పెట్టుకోమనండి.

ఇక బ్యాంకు పరీక్షల సంగతి. ఊరు మారడం ఇష్టం లేక బ్యాంకు వైపు చూస్తే పొరపాటు. ప్రొబేషనరీ ఆఫీసరుగా ఎంపికైతే దేశంలో ఎక్కడ వేసినా వెళ్లాల్సిందే. క్లర్కు పోస్టులు రాష్ట్రాల వారీగా ఉంటాయి గనుక కాస్త నయం, అక్కడా సొంతూరే వస్తుందని లేదు. బ్యాంకు పని నిజంగా ఇష్టమైతే పీజీకి మారాక మిగిలే ఆ నాలుగు గంటల్లో రెండు చదువుకు పెట్టమనండి. ఉద్యోగం చేతిలో ఉండగానే ఒక ప్రయత్నం అయిపోతుంది.

గది మారి మూడు నెలలయ్యాక కూడా మానేస్తానంటే అప్పుడు మీరు అడ్డుపడకండి. చెప్పాపెట్టకుండా వచ్చేయడం మాత్రం కుదరదు. రాజీనామా మెయిలు పెట్టి, నోటీసు కాలం పనిచేసి, రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకునే రావాలి. చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో బాండు, అంటే ఇంతకాలం పనిచేస్తానని, మధ్యలో మానేస్తే డబ్బు కడతానని ఇచ్చే హామీ, ఉందేమో చూడండి. పీఎఫ్ నంబరుతో ఈ కంపెనీ పేరు రికార్డులో ఉండిపోతుంది, రేపు మరో కంపెనీ వాళ్లు చూస్తారు.

జీతం ఆపినా, ఇంటికి చేర్చే ఏర్పాటు లేకుండా అర్ధరాత్రి షిఫ్టులు వేసినా, ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించినా ఈ మూడు నెలల లెక్క వర్తించదు. పది మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. అలాంటిదేమైనా ఉందేమో ఆమె తల్లిని నిదానంగా, ఒంటరిగా అడగమనండి. ఉందని తేలితే గది వెతకడం పక్కనపెట్టి ఆ రోజే బయలుదేరండి.