ఒక్కో పేరెంట్‌కి వాళ్ల బిడ్డ మార్కులు చెప్పే వీడియో దానంతటదే తయారవ్వాలంటే

ట్యూషన్ సెంటర్‌లో 300 మంది పిల్లలు, నెలనెలా ఎవరి బిడ్డ పేరు, మార్కులు వాళ్లకే తెలుగులో చెప్పే వీడియో ఆటోమేటిక్‌గా తయారవ్వాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని అడిగారు. వీడియో చేయడానికి ఏదీ కొనక్కర్లేదండి. గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయి కమీషన్ కొట్టుకి నేను ఇలాంటిదే చేశాను, రెండు సీజన్లుగా నడుస్తోంది. తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) చేతికిచ్చినా చదువుకోలేని రైతులు ఉంటారు కదా, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), రకం తేజానా 341నా, క్వింటా ఎంతకు పోయింది, హమాలీ, కమీషన్ పోను చేతికెంత వస్తుంది, ఇవన్నీ వాళ్ల ఫోన్‌లోనే వినబడాలని మొదలుపెట్టాం.

వీడియో మొత్తం మనిషికొకటి చేయకండి. నమస్కారం, ఫీజు తేదీలు, సెలవులు అందరికీ ఒకటే, వాటిని ఒక్కసారి చేసి పెట్టుకోండి. మారేది మధ్యలో 20 సెకన్లే. ఆ ముక్క మాత్రం కొత్తగా చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అతికించాలి. అన్ని ముక్కలకీ సైజు, ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు), కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి), ఆడియో సెట్టింగులు ఒకేలా ఉంటే వీడియోని మళ్లీ మొదటినుంచి తయారుచేసే (ఎన్‌కోడ్) పని లేకుండా అతుక్కుంటాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

తెరమీద తెలుగు అక్షరాల దగ్గర నాకు రెండు రోజులు పోయాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ పాత వెర్షన్లలో నేరుగా అక్షరాలు రాయిస్తే ఒత్తులు విడిపోయి 'లక్ష్మి' ముక్కలుగా పడుతుంది. 2023లో వచ్చిన 6.1 నుంచి ఇది మెరుగైంది గానీ, నేను మాత్రం వివరాలు కనిపించే కార్డుని వెబ్ పేజీలా రాసి, క్రోమ్ బ్రౌజర్‌తో ఫోటో తీయించి దాన్నే వీడియోలో పెడుతున్నాను. మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితం, చిన్న ఫోన్‌లో కూడా బాగా కనిపిస్తాయి.

గొంతు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే వినేవాళ్ల నమ్మకం అక్కడే ఉంది. మెషీన్ గొంతు పెట్టి చూస్తే రైతులు ఎవరో కంపెనీవాళ్లు పంపిందనుకుని మధ్యలోనే ఆపేశారు. అప్పుడు బాబాయినే కూర్చోబెట్టి అంకెలు విడివిడిగా చదివించాను. ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా చదివిస్తే సరిపోతుందనుకున్నాను, సరిపోదు. 115 అంటే 'నూట పదిహేను', 500 అంటే 'ఐదు వందలు', 550 అంటే 'ఐదు వందల యాభై', 1,050 అయితే 'వెయ్యిన్ని యాభై'. వంద, నూట, వందలు, వందల, వెయ్యి, వెయ్యిన్ని, వేలు, వేల, అన్నీ వేర్వేరు క్లిప్పులు కావాలి. మీకు పదో తరగతికైనా మొత్తం మార్కులు 600 కాబట్టి వేలతో పని లేదు, ఒక్క మధ్యాహ్నంలో రికార్డింగ్ అయిపోతుంది. పిల్లలకు తెలిసిన మాస్టారి గొంతే పెట్టండి.

ఇక పేర్లు. ఇంగ్లీషులో ఉన్న లిస్టుని కంప్యూటర్‌తో తెలుగులోకి మార్పిస్తే రమ కాస్తా రామ అయిపోవచ్చు. ఒక మనిషి కూర్చుని 300 పేర్లూ తెలుగులో టైపు చేయాల్సిందే, అది ఏడాదికొకసారి పని.

నేను చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. మొదటి సీజన్‌లో పేరుని బట్టి వీడియోలు జతచేశాను. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ఇద్దరు రైతులున్నారు, ఒకాయన లెక్క రెండో ఆయనకు వెళ్లింది. పొద్దున్నే ఫోన్ చేసి "నాది తేజా కదా బాబూ, 341 అంటాడేంటి మీ బాబాయి, రేటు కూడా తగ్గింది" అన్నాడాయన, గొంతు వణుకుతోంది. రాత్రంతా నిద్రపోలేదట. అప్పటినుంచి లాట్ నంబరుతోనే (ఒక్కో రైతు సరుకుకి ఇచ్చే నంబరు) జతచేస్తున్నాను, పంపేముందు ప్రతి వీడియో చివరి కార్డుని షీట్‌తో కళ్లారా సరిచూస్తాం. మీరు అడ్మిషన్ నంబరు వాడండి, ఒకరి బిడ్డ మార్కులు ఇంకొకరింట్లో వినిపించకూడదు.

పంపడానికి మామూలు వాట్సాప్‌లో 300 మందికి ఒకేసారి కొడితే నంబరు బ్లాక్ అవ్వొచ్చు, వాట్సాప్ బిజినెస్ ఏపీఐ (వ్యాపారాలు ప్రోగ్రామ్‌తో మెసేజ్‌లు పంపే సేవ) తీసుకోండి, అందులో వీడియో 16 ఎంబీ దాటకూడదు. పిల్లల వివరాలు కాబట్టి 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, అడ్మిషన్ ఫారంతోపాటే ఆ సంతకం కూడా తీసుకోండి. మీ షీట్‌లో ఏయే కాలమ్‌లు ఉన్నాయో ఇక్కడ రాస్తే, ఈ పనంతా చేసే నా స్క్రిప్ట్‌ని (చిన్న ప్రోగ్రామ్) దానికి సరిపడేలా మార్చి ఇస్తాను.